పర్లేదులో రకాలు

మా కోడలికి నవ్వించడం వచ్చని నాకు ఆ వేసవిలో తెలిసింది. తెలిసిన తీరు మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

అంతవరకూ ఆ పిల్ల మీద నాకున్న అభిప్రాయం ఒకటే. మంచిది, ముభావి. మా వాడికి జోకుల పిచ్చి. ఒకే జోకు పదిమందికి చెప్పి, పదకొండోసారి వినేవాళ్ళు లేక తనే నవ్వుకునే రకం. ఆమె అన్నిటికీ "ఊఁ" అని ఊరుకునేది. "మా ఆవిడకి సోమవారం జోకు చెబితే గురువారం నవ్వుతుంది" అని వాడు నలుగురిలో అనేవాడు. ఆ మాటకీ ఆమె నవ్వేది కాదు. నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. కోడలు నోరు మెదపకపోతే అత్తకేం నష్టం?

ఆమె కాలేజీలో భాషాశాస్త్రం పాఠాలు చెప్పేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సెలవులయి కాలేజీ తెరిచేలోగా పీహెచ్‌డీ పట్టా తెచ్చుకుంటే ఖాయం చేస్తారు. లేదంటే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. గడువు అప్పటికే పొడిగించారు, ఇక పొడిగించరు. అందుకని ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో థీసిస్ తప్ప మరో ఊసు లేదు. పుస్తకాలు మేస్తూ ఆమె లోపలి గదిలో ఉండేది. అది అంతకుముందు నా గది. పుస్తకాలకి చోటు చాలడం లేదని ఆ ముందటేడు మా వాడు నా మంచం హాల్లో కిటికీ పక్కకి మార్చాడు. గాలి బాగానే వస్తుంది. వచ్చేపోయేవాళ్ళ చెప్పుల చప్పుడూ వస్తుంది.

నేను తెలుగు టీచరుగా రిటైరయ్యాను. అచ్చుతప్పు కనబడితే మందుసీసా మీద కాగితాన్నయినా దిద్దందే నాకు మందు లోపలికి దిగదు. కాబట్టి ప్రూఫులు చూసే పని నా మీద పడింది. మొదట్లోనే ఒక ఒప్పందం చేసుకున్నాను.

"పేజీ అడుగున చీమల్లా పాకే ఆ ఫుట్‌నోట్లున్నాయి చూశావూ, అవి నా కళ్ళకి ఆనవు. అవి నువ్వే చూసుకో."

"అలాగే అత్తయ్యా" అంది.

మొదటి రెండు అధ్యాయాలూ లోకంలో థీసిస్సులు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. ఫలానా పండితుడు ఏమన్నాడు, ఆయన అన్నదాన్ని ఇంకో పండితుడు ఏమన్నాడు. దిద్దుతూ దిద్దుతూ కునికిపాట్లు పడ్డాను. మూడో అధ్యాయంలో గానీ అసలు విషయం రాలేదు. అంత లావు పుస్తకమూ ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట "పర్లేదు". కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా అనుకుని పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టాను.

మొదటి పేరా ఇలా ఉంది: "‘పర్లేదు’ అంటే ‘ఇబ్బంది లేదు’ అని నిఘంటువు అంటుంది. ఈ పరిశోధన కోసం సేకరించిన సంభాషణల్లో ఇబ్బంది లేనివారెవరూ ఈ మాట అనలేదు. కాలు తొక్కినవాడు అనవలసిన మాటను తొక్కించుకున్నవాడు అనడం మన భాషలోని విశేషం."

పెన్సిలు ఆగిపోయింది. మళ్ళీ చదివాను. కాలు తొక్కించుకుని పర్లేదన్న సందర్భాలు నాకు వరసగా గుర్తొచ్చాయి. పైకే నవ్వేశాను. ఒంటరిగా, హాల్లో, పట్టపగలు! వంటింట్లోంచి మా వాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? పొలమారిందా?"

"లేదురా. మీ ఆవిడ రాసింది చదువుతున్నాను."

"థీసిస్సేనా?"

"ఆఁ."

వాడు నా చేతిలో కాగితాల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నా ఒంట్లో బాగా లేదని నిశ్చయించుకున్నట్టు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

పర్లేదు ఏడు రకాలట. ఒక్కో రకానికీ గొంతు ఎలా ఉంటుందో, ఏ అక్షరం ఎంత సాగుతుందో చెప్పి, పక్కన ఒక వాక్యం రాసింది. ఆ వాక్యాల్లో ఒకటి వదిలితే ఒకటి పట్టుకునేది. "అయిదో రకం ఓడిపోయిన పర్లేదు. ఇందులో ‘లే’ దీర్ఘం కుదించుకుపోతుంది. అన్న మనిషీ అంతే." ఇది చదివి నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పాను కదా, ఒక దీర్ఘం గురించి ఇంత మాట నాకెప్పుడూ తట్టలేదు.

పేజీ తిప్పాను.

"ఒకటో రకం పర్లేదుకి వక్త-1 (స్త్రీ, వృద్ధురాలు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని) చక్కని ఉదాహరణ. ఈమె ‘లే’ని సాగదీస్తూ ‘పర్లే...దు’ అనగానే ఇంట్లోవాళ్ళు చేస్తున్న పని ఆపేస్తారు. రుజువు కోసం పరిశోధకురాలు ఒకసారి ఆపకుండా చూసింది. మళ్ళీ ఆ సాహసం చెయ్యలేదు."

దాని కిందే మా వాడు. "వక్త-3 (పురుషుడు, వక్త-1 కుమారుడు) ‘పర్లేదా?’ అని అడిగి, జవాబు వచ్చేలోగా గది దాటిపోతాడు. కనుక ఇతనికి వచ్చిన జవాబులు ఈ అధ్యయనంలో చేర్చడం కుదరలేదు. అతను కూడా వాటిని చేర్చుకోలేదు."

నిలువునా కొయ్యబారిపోయాను. ఈ ముభావి, ఈ మూగనోము పట్టిన పిల్ల, ఇన్నాళ్ళూ చెవులు రిక్కించి మా మాటలన్నీ ఏరుకుందా! లేచి లోపలి గది తలుపు కొట్టాను.

"ఏమమ్మాయ్, వృద్ధురాలేమిటి?"

ఆమె మొహం పాలిపోయింది. "అడిగే రాద్దామనుకున్నానత్తయ్యా. మీకు బాధయితే తీసేస్తాను."

ఒళ్ళు మండుతూనే ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ వాక్యాలు బాగున్నాయి. నా గురించి అంత శ్రద్ధగా ఎవరైనా రెండు ముక్కలు రాయడం నా బతుకులో అదే మొదలు. రెండు విషయాలూ ఒకేసారి చెప్పడం నాకు చేతకాలేదు.

"ఉండనీలే, పర్లేదు" అని వెనక్కొచ్చేశాను.

ఆమె గైడుది మా పక్క వీధే. పెద్ద ప్రొఫెసరు, నిలువెత్తు మనిషి. విద్యార్థులు చాటుగా ఆయన్ని "అనగా గారు" అంటారట. వాక్యానికొక అనగా లేనిదే ఆయనకి ముందుకి సాగదు. ఒక సాయంత్రం మూడో అధ్యాయం చంకలో పెట్టుకుని వాకింగ్‌లో భాగంగా మా ఇంటికి వచ్చాడు. కాగితాలు బల్లమీద పెట్టాడు. నేను పెన్సిలుతో ఎక్కడో ఒక చుక్క పెట్టిన పేజీల్ని ఆయన ఎర్ర సిరాతో ఈ చివరినుంచి ఆ చివరికి కొట్టేశాడు. తొక్కిన కాలు పోయింది. దీర్ఘంతోపాటు కుదించుకుపోయిన మనిషి పోయాడు. నేనూ పోయాను.

"ఏమ్మా, పరిశోధన అనగా ఏమిటి? గంభీరమైన పని. ఇది చదివి నాకు నవ్వొచ్చింది" అన్నాడు, ఎవరో జేబు కొట్టేసినంత కోపంగా.

"నవ్వొస్తే తప్పా సార్?" కోడలు మెల్లిగా అడిగింది.

"నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా?"

"ఆ నాలుగూ ఏవో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు సార్."

ఆమె అది జోకుగా అందో, నిజంగానే అందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన వినిపించుకోలేదు. "ఇంకొకటి. ‘నేను విన్నాను, నేను గమనించాను’ ఏమిటి? ‘వినబడింది, గమనించబడింది’ అని రాయాలి. నేను అనగా అహంకారం. పరిశోధకుడు వాక్యంలో కనబడకూడదు."

నాలో టీచరు ఊరుకోలేదు. "ఏవండీ, అన్నం తినబడింది అని ఏ పిల్లాడైనా అంటాడా? కర్త లేకుండా పారిపోయే వాక్యాలవి."

"అమ్మగారూ, అది బడి భాష. ఇది విశ్వవిద్యాలయం" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడంలో దయ ఉన్నమాట నిజమే. "నీ మంచికే చెబుతున్నానమ్మా. ఇలా వెళ్తే బయటనుంచి వచ్చే పరీక్షకులు తిప్పికొడతారు. నీకు మళ్ళీ రాసే టైము లేదు. ఉద్యోగం కావాలా, చమత్కారం కావాలా?"

కోడలు ఎర్రగీతల వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అంది.

"పర్లెదు సార్. మార్చేస్తాను."

నేను అదిరిపడ్డాను. దీర్ఘం పోయింది. నా చెవులతో విన్నాను. "లే" అక్కడ "లె" అయిపోయింది. తను ఏ రకం గురించి రాసిందో, ఎవరి గురించి రాసిందో, ఆ క్షణంలో ఆ పిల్లకి తెలుసో లేదో గానీ నాకు తెలిసింది. గైడు సంతోషంగా టీ తాగి వెళ్ళిపోయాడు.

కొద్దిరోజుల్లో కొత్త మూడో అధ్యాయం నా చేతికి వచ్చింది. ఒక్క తప్పు లేదు. వినబడింది, గమనించబడింది, వర్గీకరించబడింది, నిర్ధారించబడింది. గైడుని మెప్పించడానికి కాబోలు రెండు అనగాలు కూడా పడ్డాయి. నాకోసం వెతికాను. వక్త-1 లేదు. ఆ చోట "కొందరు వయోవృద్ధ స్త్రీలలో ఈ వాడుక కానవచ్చుచున్నది" అని ఉంది.

ఉన్నానని కోపం తెచ్చుకున్నదాన్ని, లేనని తెలిసేసరికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇదేం ఖర్మో! అద్దంలో మొహం బాగాలేదని విసుక్కుంటాం సరే, అసలు మొహమే కనబడకపోతే?

"అమ్మాయ్, ఇది నువ్వు రాసిందేనా?"

"రాయబడింది అత్తయ్యా" అంది. పెదవి కొంచెం వంగింది. తర్వాత ఆ వంకరా పోయింది. "ఉద్యోగం పోతే ఏం చెయ్యను? నవ్వించినందుకు పట్టా రాలేదని తెలిస్తే ఊరంతా నవ్వుతుంది. నేను తప్ప."

"కొందరు వయోవృద్ధ స్త్రీలట! ఎవరే వాళ్ళు? నాకు ఒక్కరూ తెలియదు. నన్ను తీసేసి వాళ్ళనెందుకు పెట్టావు?"

ఆమె విస్తుపోయి చూసింది. "మీకు కష్టంగా ఉందనుకున్నాను."

"కష్టంగానే ఉంది. అయితే మటుకు! దీన్ని చదివి ఎవరికీ ఏ కష్టమూ కలగదు. ఏమీ కలగదు. ఇది చదివిన మనిషి చదివినట్టు తనకే గుర్తుండదు."

మా వాడు మధ్యలో వచ్చి "అమ్మా, దాని ఉద్యోగంతో నీకు ఆటలేమిటి" అన్నాడు. అదీ నిజమే. నోరు మూసుకున్నాను. ఆ మాట నేను అనకుండా ఉండవలసిందేమోనని చాలా రోజులు బెంగపడ్డాను కూడా.

కోడలు మాత్రం కాగితాలు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు పాత అధ్యాయం ఒక చిన్న మార్పుతో గైడు దగ్గరికి పట్టుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉంది.

"సంతకం పెట్టారు. పెన్ను కాగితానికి గుచ్చుకుంది కూడా. వైవాలో ఏం జరిగినా తన పూచీ లేదన్నారు."

"చిన్న మార్పేమిటి?"

"ఒక ఫుట్‌నోటు కలిపాను."

ఫుట్‌నోట్లు నా పని కాదు కదా. నేను అడగలేదు.

వైవా అనే ఆ నోటి పరీక్షకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చట. మా వాడూ నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాం. పొడుగాటి గది, తలుపు తీసినప్పుడల్లా కిర్రుమనే చప్పుడు, చివర బల్ల. విద్యార్థులు, ఇతర మాస్టార్లు గది నిండా ఉన్నారు. గైడు బల్ల దగ్గర ఒక చివరికి జరిగి, ఆ థీసిస్ ఎవరిదో తనకి తెలియనట్టు కూర్చున్నాడు. పరీక్షకురాలిగా వేరే ఊరినుంచి వచ్చిన ఆవిడ నాకంటే ఓ అయిదారేళ్ళు చిన్నదేమో. నవ్వు అనేది ఒకటుంటుందని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. కళ్ళజోడు సరిచేసుకుని కోడల్ని నిలబెట్టి ఏవేవో అడిగింది. కోడలు చెప్పింది. మా వాడు చేతులు నలుపుకుంటున్నాడు.

"మూడో అధ్యాయానికి వద్దాం" అంది ఆవిడ. గైడు పైకప్పు వైపు చూడడం మొదలుపెట్టాడు.

ఆవిడ పైకి చదవసాగింది. కరెంటు బిల్లు చదువుతున్నట్టు, ఏ రాగమూ లేకుండా. కాలు తొక్కించుకున్నవాడి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అయిదో రకం దగ్గర ముందు వరస ఊగిపోయింది. వక్త-3 గది దాటిపోయేసరికి మా వాడు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కుంచించుకుపోయాడు. మా ఇంటి మాటలు ఆ పరాయి గదిలో అలా పేలుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. నలుగురూ నవ్వుతున్నది నన్ను చూసి కదా అని సిగ్గు. ఎంత బాగా రాసింది అని గర్వం. ఏది ముందో నాకే తెలియలేదు.

ఆవిడ ఒక్కతే నవ్వలేదు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, "చాలా బాగుంది. కానీ వీళ్ళు నిజం మనుషులు. మీ ఇంటివాళ్ళేనని చదివినవాళ్ళకి తెలిసిపోతుంది. వీళ్ళని అడిగారా?" అంది.

"అడిగానండి" అంది కోడలు.

"ఏమన్నారు?"

కోడలు నోరు తెరిచింది. మూసింది. చెప్పక తప్పదని తెలిసి మళ్ళీ తెరిచింది.

"పర్లేదన్నారు."

గది బద్దలైంది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి గోడకి ఆనుకుని మరీ నవ్వాడు. గైడు కూడా ఒక్కసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నేను చూశాను. కోడలు మాత్రం తెల్లగా సున్నం కొట్టిన గోడలా నిలబడింది. తన థీసిస్ ప్రకారమే ఎవరూ ఒప్పుకోనట్టు తేలింది మరి!

"ఇందులో నాకు నవ్వేమీ కనబడడం లేదు" అంది ఆవిడ. ఎక్కడివాళ్ళక్కడ చప్పబడ్డారు. "ఈ అధ్యాయం మీద అభ్యంతరం వస్తే తీసెయ్యాల్సిందే. ఇది తీస్తే థీసిస్ మిగలదు, మళ్ళీ రాసి తేవాలి. వక్త-1కి ఈ ఫుట్‌నోటు సంగతి తెలుసా?"

కోడలు తల వంచుకుంది. ఆవిడ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. నేను చదవని ఆ చీమల్ని ఒక్కొక్కటిగా.

"‘పరిశోధకురాలి పుస్తకాల కోసం వక్త-1ని గది అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబు ఒకటో రకానిదే. ఆ రోజు మాత్రం పని ఆపబడలేదు. దీర్ఘం సాగిన సంగతి గమనించబడింది. రాసుకోబడింది. గది తీసుకోబడింది. కర్త ఎవరో చెప్పకుండా వాక్యం ముగించే సౌకర్యం కర్మణి ప్రయోగానికి ఉంది. ఇక్కడ ఆ సౌకర్యం వాడుకోబడింది. ఈ అధ్యాయం ఆ గదిలోనే రాయబడింది.’"

ఒక్కరూ నవ్వలేదు.

ఆ రోజు నాకు కళ్ళముందు కనబడింది. మా వాడు "పర్లేదా అమ్మా" అని అప్పటికే మంచం ఒక కోడు ఎత్తుతున్నాడు. నేను ఆ మాట అన్నాను. ఎవరికీ వినబడలేదనుకున్నాను. వినబడలేదు కాబట్టే ఇన్నాళ్ళూ ఎవర్నీ ఏమీ అనకుండా మర్యాదగా బతికాను. వినబడిందట! తలుపు దగ్గర పుస్తకాలు ఎత్తుకుని నిలబడ్డ ఈ పిల్ల విందట, అర్థం చేసుకుందట, లోపలికి వెళ్ళి కూర్చుందట! పక్కన మా వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఎవరు చెంప మీద కొట్టినా నాకు అంత దిమ్మ తిరిగేది కాదు.

"వక్త-1 ఇక్కడున్నారా?" అంది ఆవిడ.

లేచి నిలబడ్డాను. కుర్చీలన్నీ నావైపు తిరిగాయి. కోడలు తలెత్తి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. బతిమాలి ఉంటే నాకు సులువయ్యేది.

"అమ్మా, ఇది అచ్చవుతుంది. లైబ్రరీలో ఉంటుంది. ఎవరైనా చదువుతారు. మీకు అభ్యంతరం ఉందా?"

"పర్..." అన్నాను.

గది మొత్తం ఊపిరి బిగబట్టింది. ఆ మాట మిగతా సగం నా నాలుక మీద నిలబడిపోయింది. నలభై మంది నా దీర్ఘం కోసం ఎదురుచూస్తున్నారు. జీవితమంతా ఆ మాట వెనక దాక్కున్నదాన్ని, ఆ మాట చేతికి రాకపోతే ఒంటిమీద బట్ట లాగేసినట్టయింది. వేరే మాటలు వెతుక్కున్నాను. తెలుగు చెప్పిన టీచర్ని, నాకే మాటలు దొరకలేదు.

"అభ్యంతరం లేదండీ" అన్నాను చివరికి. "కోపం ఉంది. అది వేరు, ఇది వేరు. ఆ గది ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నాకు ఇష్టం లేదని ఆ అమ్మాయి ఒక్కతే వింది. విన్నది ఉన్నట్టు రాసింది. అందులో ఒక్క అక్షరం కొట్టేసినా నేను ఒప్పుకోను. ఎర్ర సిరాతో అసలే ఒప్పుకోను."

గైడు కళ్ళు దించేసుకున్నాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసి, "కూర్చోండమ్మా" అంది. కూర్చున్నాను. పట్టా ఇవ్వవచ్చని ఆవిడ పైకి చదివినప్పుడు చప్పట్లు కొట్టారు. నాకు సరిగ్గా వినబడలేదు.

కారిడార్లోకి వచ్చాక జనంలోంచి కోడలు నా దగ్గరికి వచ్చింది. గైడు ఆమె వెనకే వచ్చి "అభినందనలమ్మా, అనగా..." అని ఆగి, అనగా తర్వాత ఏమీ దొరక్క వెళ్ళిపోయాడు.

"అత్తయ్యా" అంది.

"మాట్లాడకు నాతో. రాయడమా! వింటే రాస్తారుటే? వింటే లేచి అడగాలి."

"అడిగితే పర్లేదనేవారు కదా అత్తయ్యా."

"అంటాను! ఎందుకనను? అన్నా మళ్ళీ అడగాలి!"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. "మీరు ఇష్టం లేదంటే నేను గది తిరిగి ఇవ్వాల్సొస్తుందని భయమేసి అడగలేదు" అంది.

అంత మాట అంత తిన్నగా నాతో ఎవరూ అనలేదు. దెబ్బ తగిలినట్టే ఉంది, అయినా ఊపిరి ఆడింది. చుట్టూ విద్యార్థులు చేతులు కలుపుతామని నిలబడ్డారు. నేను లెక్కచెయ్యలేదు.

"నా గది నాకు కావాలి" అన్నాను.

నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. కావాలి అనే మాట ఆ ఇంట్లో నా నోట ఎప్పుడైనా వచ్చిందా అని వెతికితే కూరగాయలవాడితో తప్ప గుర్తురాలేదు.

"అలాగే అమ్మా, కాస్త ఊపిరి తీసుకోనీ, వచ్చే ఆదివారం..." అని మా వాడు మొదలుపెట్టాడు.

"ఇవాళే" అన్నాను.

"ఇవాళే" అంది కోడలు కూడా.

ఇంటికొచ్చాం. పూలూ శాలువా ఏమీ లేవు. పట్టా వచ్చిన మనిషి చీర కుచ్చిళ్ళు ఎగదోపి పుస్తకాలు బయటికి మోసింది. మా వాడు బల్ల ఒక పక్క పట్టుకున్నాడు, ఆమె రెండో పక్క పట్టుకుంది. బల్ల గుమ్మంలో అడ్డం పడి ఇద్దరూ కాసేపు అవస్థపడ్డారు. నేను నా మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ఒక చెయ్యి వెయ్యనా అని మర్యాదకైనా అడగలేదు.